సెకను బతికే కణానికి గడియారం

గాలి చరిత్ర: 14వ భాగం

బెంగళూరులో పాత మద్రాసు రోడ్డు పట్టుకుని కోలారు, చిత్తూరు మీదుగా తిరుపతికి వచ్చే బస్సులు హొసకోటె దాటే వస్తాయి. పెద్ద చెరువు, లారీల రద్దీ, కన్నడంతో పాటు దండిగా వినిపించే తెలుగు: పైకి కనిపించే హొసకోటె ఇదే. ఆ ఊరి దగ్గరే భారతీయ ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థకు ‘క్రెస్ట్’ అనే ప్రాంగణం ఉంది. లడఖ్‌లో హాన్లే దగ్గర 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపును ఈ ప్రాంగణంలో కూర్చుని నడుపుతారు. రెండు మీటర్ల అద్దం ఉన్న ఆ టెలిస్కోపు 2000 సెప్టెంబరులో తొలిసారి ఆకాశాన్ని చూసింది. గడ్డకట్టించే చలిలో ఖగోళ శాస్త్రజ్ఞులు కొండ మీద జాగారం చేయనక్కర్లేదు. ఉపగ్రహం మీదుగా ఆజ్ఞలు హొసకోటె నుంచి వెళతాయి, టెలిస్కోపు చూసింది తిరిగి హొసకోటెకే చేరుతుంది.

ఆ టెలిస్కోపుకు అమర్చిన పరికరాలు నక్షత్రం వెలుగును రంగులుగా విడదీసినప్పుడు, పటంలో ఎరుపు కొసనా, దాని అవతలి పరారుణంలోనూ నక్షత్రానికి ఏ సంబంధమూ లేని గీతలు వరసకట్టి కనిపిస్తాయి. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ తయారుచేసిన ‘టిర్‌స్పెక్’ అనే పరారుణ పరికరంలో అయితే అవి మరీ దట్టం. ఆ గీతలు భూమి సొంత వెలుగు. నేలకు సుమారు 87 కిలోమీటర్ల ఎత్తున, కొద్ది కిలోమీటర్ల మందంలో, ఒక ఆక్సిజన్ పరమాణువూ ఒక హైడ్రోజన్ పరమాణువూ జతకట్టిన కణాలు రాత్రంతా మెరుస్తూ ఉంటాయి. ఆ కణం పేరు హైడ్రాక్సిల్ రాడికల్. రసాయన శాస్త్రజ్ఞులు క్లుప్తంగా ఓహెచ్ అంటారు. నక్షత్రం పక్కన ఖాళీగా ఉన్న ఆకాశపు వెలుగును కూడా నమోదు చేసి, దాన్ని లెక్కలోంచి తీసేస్తే తప్ప దూరపు గెలాక్సీ జాడ తేలదు.

ఈ గీతలు ఎవరివో 1950లో అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు ఏడెన్ మైనెల్ పట్టుకున్నాడు. అవి ఎలా పుడుతున్నాయో అదే ఏడు డేవిడ్ బేట్స్, మార్సెల్ నికోలే చెప్పారు. హైడ్రోజన్ పరమాణువు ఓజోన్‌ను ఢీకొట్టి ఒక ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. ఆ చర్యలో వెలువడిన శక్తి కొత్తగా పుట్టిన ఓహెచ్‌లో కంపనంగా నిలిచి, ఆ తరవాత వెలుగై బయటపడుతుంది. ఎంత వెలుగు రావాలో లెక్కగట్టాలంటే ఆ చర్య ఎంత వేగంగా సాగుతుందో తెలియాలి. ఈ భాగం కథ ఆ ప్రశ్నదే. గాలిలో ఓహెచ్ చేసే పనుల వేగాన్ని మనుషులు ఎలా కొలిచారు? ఆ అంకెలు ప్రపంచం చేత ఏం చేయించాయి?

ఎండ పొడతోనే మొదలయ్యే పని

హొసకోటెకు ఇంకో విషయంలో కూడా పేరుంది. తెల్లవారుజామున దమ్ బిర్యానీ కోసం బెంగళూరు నుంచి కార్లు, బైకులు అక్కడికి బారులు తీరతాయి. ఆ బళ్ల పొగగొట్టాల్లోంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిర్లు చీకట్లో చాలావరకు అలాగే గాలిలో వేలాడుతుంటాయి. వాటిని పట్టుకునే కణం ప్రధానంగా ఎండ పొడతోనే పుడుతుంది. నేల దగ్గరి గాలిలో కొద్దిపాటి ఓజోన్ ఎప్పుడూ ఉంటుంది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు దాన్ని విడగొడతాయి. అలా ఊడిపడిన చురుకైన ఆక్సిజన్ పరమాణువుల్లో కొన్ని నీటి ఆవిరిని తాకి, ఒక్కో తాకిడికి రెండేసి ఓహెచ్‌లను పుట్టిస్తాయి.

పుట్టిన ఓహెచ్ మామూలు గాలిలో సెకను కూడా నిలవదు. ఆ లోపే మోనాక్సైడ్‌నో, మీథేన్‌నో, చెట్లు వదిలే ఐసోప్రీన్‌నో పట్టుకుంటుంది. గాలిలోకి చేరే వందలాది వాయువులు నీటిలో కరగవు, ఆక్సిజన్‌తో వాటంతట అవి కలవవు. ఓహెచ్ వాటిలోంచి ఒక హైడ్రోజన్‌ను లాగేశాకో, వాటికి తగులుకున్నాకో గాని అవి మారడం మొదలవదు. చివరికి వానతో నేలకు దిగుతాయి, లేదంటే కార్బన్ డయాక్సైడ్‌గా మిగులుతాయి. ఇంత పని చేసే ఓహెచ్ గాలిలో ఉండేది ఎంత? రాత్రీ పగలూ, అన్ని రుతువులూ కలిపి సగటు తీస్తే ఘనపు సెంటీమీటరుకు పది లక్షల ప్రాంతం. నేల దగ్గర అంతే చోట ఉండే గాలి అణువులతో పోల్చితే, సుమారు పాతిక లక్షల కోట్లలో ఒక్కటి.

ఇంత అరుదైన కణానికి అంత పని ఉందని 1960ల చివరి దాకా ఎవరూ గట్టిగా అనుకోలేదు. అనుమానం మోనాక్సైడ్ దగ్గర మొదలైంది. కార్లు పెరుగుతున్నాయి, మోనాక్సైడ్ గుమ్మరిస్తున్నాయి, అయినా గాలిలో అది ఆ మేరకు పేరుకుపోవడం లేదు. మరి ఎటు పోతోంది? రేడియోధార్మిక కార్బన్ ఆనవాళ్లతో లెక్కగట్టి, మోనాక్సైడ్ గాలిలో ఉండేది నెలల లెక్కే తప్ప ఏళ్ల లెక్క కాదని 1969లో బెర్నార్డ్ వైన్‌స్టాక్ చూపించాడు. రెండేళ్లకు, 1971లో, హైరమ్ లెవీ ‘సైన్స్’ పత్రికలో సమాధానం రాశాడు: ఎక్కడో స్ట్రాటో ఆవరణంలో కాదు, మనం పీల్చే ఈ గాలిలోనే పగటిపూట ఓహెచ్ పుడుతోంది, మోనాక్సైడ్‌ను అదే మింగుతోంది.

లెవీ మాట కాగితం మీది లెక్క. ఆ లెక్క నిలబడాలంటే ఓహెచ్ ఒక్కో వాయువునూ ఎంత వేగంగా పట్టుకుంటుందో ప్రయోగశాలలో కొలిచి చూపాలి. ఆ వేగాన్ని సూచించే అంకెను రేటు స్థిరాంకం అంటారు. దాన్ని గాలిలోని ఓహెచ్ లెక్కతో గుణించి, వచ్చినదాన్ని తలకిందులు చేస్తే ఆ వాయువు సగటున ఎంతకాలం గాలిలో నిలుస్తుందో తేలిపోతుంది. ఐసోప్రీన్‌కు అది మూడు గంటల లోపు. మోనాక్సైడ్‌కు సుమారు రెండు నెలలు. మీథేన్‌కు తొమ్మిదేళ్ల ప్రాంతం.

మెరుపు దీపం, గాజు గొట్టం

కొలవడం ఎలా? ఓహెచ్‌ను సీసాలో పట్టి దాచే వీలు లేదు. కావలసినప్పుడు కావలసిన చోట పుట్టించి, అది మాయమయ్యే లోపు చూసెయ్యాలి.

మొదటి దారి కేంబ్రిడ్జిలో పడింది. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో రాడార్ పని చూసిన జార్జ్ పోర్టర్, తన గురువు రోనాల్డ్ నోరిష్‌తో కలిసి 1949లో మెరుపు దీపం పద్ధతి తెచ్చాడు. వాయువు మీద ఒక పెద్ద మెరుపు కొట్టి అణువులను విడగొట్టడం, కొద్ది క్షణాల తరవాత ఇంకో చిన్న మెరుపుతో లోపల ఏముందో చూడడం. రెండు మెరుపుల మధ్య వ్యవధి మారుస్తూ పోతే, క్షణభంగుర కణాలు ఎలా తరిగిపోతున్నాయో బొమ్మ కట్టినట్టు తెలుస్తుంది. 1967లో ఆ ఇద్దరికీ, జర్మనీకి చెందిన మన్‌ఫ్రెడ్ ఐగెన్‌తో పాటు నోబెల్ బహుమతి వచ్చింది.

రెండో దారి గాజు గొట్టంది. అమెరికాలో ఫ్రెడరిక్ కాఫ్‌మన్ బృందం 1960ల మొదట్లో హైడ్రోజన్ పరమాణువులను నైట్రోజన్ డయాక్సైడ్‌తో కలిపి, శుభ్రంగా, లెక్క తెలిసేట్టుగా ఓహెచ్‌ను తయారుచేసింది. గొట్టంలో వాయువు వేగంగా ప్రవహిస్తుంటుంది. దాని వేగం తెలిస్తే గొట్టం పొడవే కాలమానం అవుతుంది: ఇన్ని సెంటీమీటర్ల దూరమంటే ఇన్ని మిల్లీసెకన్లు. కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో కార్ల్‌టన్ హోవర్డ్, కెన్నెత్ ఎవెన్సన్ ఈ గొట్టానికి లేజర్, అయస్కాంతం జోడించి ఓహెచ్‌ను అతి తక్కువ మోతాదుల్లో పసిగట్టారు. క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో మరియో మోలినా, షెర్వుడ్ రోలాండ్ హెచ్చరించారు. రెండేళ్లకు, 1976లో, హోవర్డ్, ఎవెన్సన్ మీథేన్ కుటుంబపు హాలోజన్ వాయువులతో ఓహెచ్ ఎలా నడుచుకుంటుందో వరసగా కొలిచి ప్రచురించారు. హైడ్రోజన్ మిగిలి ఉన్నవాటిని ఓహెచ్ పట్టుకుంటోంది. హైడ్రోజన్ అసలే లేని క్లోరోఫ్లోరోకార్బన్ల జోలికి వెళ్లడం లేదు. ప్రత్యామ్నాయ వాయువుల వేటకు ఈ తేడాయే దారి చూపింది.

మరుసటి ఏడు, 1977లో, వాళ్లే ఇంకో చర్యను కొలిచారు. హైడ్రోపెరాక్సీ అనే రాడికల్ నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి తిరిగి ఓహెచ్‌ను ఇచ్చే చర్య అది. అంతకు ముందు అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు వేగంగా సాగుతోందని తేలింది. దాంతో నగరాల గాలిలో ఓజోన్ ఎంత తయారవుతుంది, సూపర్‌సోనిక్ విమానాల పొగ స్ట్రాటో ఆవరణాన్ని ఎంత దెబ్బతీస్తుంది అన్న లెక్కలన్నీ తిరగరాయాల్సి వచ్చింది. ఒక్క చర్య వేగం సరిచేస్తే ఇంత మారినప్పుడు, ఎవరి దగ్గర ఏ అంకె ఉందో, ఏది నమ్మదగిందో తేల్చే పెద్దలు కావాలి. నాసా నియమించిన నిపుణుల సంఘం 1977 నుంచి చర్యల రేట్లను జల్లెడ పట్టి పట్టికలుగా ప్రచురిస్తోంది. ప్రపంచంలో వాతావరణ రసాయన నమూనాలు నడిపేవారి బల్లల మీద ఆ పట్టికలు ఇప్పటికీ ఉంటాయి.

మైసూరు నుంచి బౌల్డర్‌కు

ఆ పట్టికల సంఘంలో చాలాకాలం పనిచేసినవారిలో ఒకరు అక్కిహెబ్బాళ్ రామయ్య రవిశంకర. మైసూరు విశ్వవిద్యాలయంలో బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివి, 1975లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. మేరీలాండ్‌లో, ఆ తరవాత జార్జియా టెక్‌లో ఓహెచ్ చర్యల మీద పట్టు సాధించి, 1984లో బౌల్డర్‌లోని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ ‘నోవా’లో చేరారు. తరవాతి రోజుల్లో అక్కడి రసాయన శాస్త్ర విభాగానికి అధిపతి అయ్యారు. ఓజోన్ మీద మాంట్రియల్ ఒప్పందానికి శాస్త్రీయ అంచనాలు సమకూర్చే బృందానికి సహాధ్యక్షుడిగా ఉన్నారు. 2000లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకుంది.

రవిశంకర బృందం వాడిన పద్ధతి పోర్టర్ మెరుపు దీపానికి వారసురాలే. కాకపోతే రెండు మెరుపుల చోట రెండు లేజర్లు వచ్చాయి. గదికి నడుమ, పిడికిట పట్టేంత గాజు పాత్ర ఒకటి. దాని చుట్టూ ఇంకో గాజు తొడుగు. తొడుగులో కావలసిన ఉష్ణోగ్రతలో ద్రవం తిరుగుతుంటుంది. పాత్రలోకి హీలియం లాంటి జడవాయువుతో పాటు కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి, పరీక్షించాల్సిన వాయువు నెమ్మదిగా పారుతుంటాయి. 248 నానోమీటర్ల అతినీలలోహిత లేజర్ ఒక్క మెరుపు మెరిస్తే పెరాక్సైడ్ రెండుగా చీలి ఓహెచ్‌లు పుడతాయి. గడియారం అక్కడ మొదలవుతుంది. కొన్ని మైక్రోసెకన్లకో, కొన్ని మిల్లీసెకన్లకో రెండో లేజర్ 282 నానోమీటర్ల దగ్గర ఓహెచ్‌ను తడుతుంది. తడితే ఓహెచ్ 308 నానోమీటర్ల చుట్టుపక్కల వెలుగు విసురుతుంది. ఎదురుగా ఉన్న ఫోటోమల్టిప్లయర్ ఆ వెలుగును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది.

వెలుగు ఎక్కువుంటే ఓహెచ్ ఇంకా మిగిలి ఉన్నట్టు, తగ్గితే ఖర్చయిపోయినట్టు. రెండు లేజర్ల మధ్య వ్యవధి పెంచుకుంటూ పోతే తరుగుదల గీత వస్తుంది. పరీక్షించే వాయువును ఓహెచ్‌కంటే వేల రెట్లు ఎక్కువ ఉంచుతారు కాబట్టి ప్రయోగం సాగినంతసేపూ దాని మొత్తం మారనట్టే లెక్క. అప్పుడు తరుగుదల లాగరిథమ్ గీస్తే తిన్నని గీత పడుతుంది. వాయువు మోతాదు మార్చి మళ్లీ, మళ్లీ గీస్తారు. ఆ గీతల వాలులన్నిటినీ మోతాదుకు ఎదురుగా గీస్తే ఇంకో తిన్నని గీత. దాని వాలే రేటు స్థిరాంకం. ఓహెచ్ మొదట ఎన్ని ఉన్నాయో కచ్చితంగా తెలియనక్కర్లేకపోవడం ఈ పద్ధతి గొప్పతనం. ఎంత నిష్పత్తిలో తరుగుతున్నాయో తెలిస్తే చాలు. ఓహెచ్ లాంటి చేజిక్కని కణం విషయంలో అది కొండంత అండ.

తెలియాల్సింది మాత్రం పరీక్షించే వాయువు శుద్ధి. మీథేన్‌తో ఓహెచ్ చాలా నెమ్మదిగా చర్య జరుపుతుంది. ప్రొపీన్ లాంటి జంటబంధపు వాయువుతో దానికి సుమారు 4,000 రెట్ల వేగంతో. కాబట్టి మీథేన్ సిలిండరులో పదివేల పాళ్లకు రెండు మూడు పాళ్లు అలాంటి మలినం ఉన్నా, కొలిచిన వేగం రెట్టింపు కనిపిస్తుంది. పాలలో నీళ్లు కలిపినవాడికంటే చాకచక్యంగా ఆ మలినం శాస్త్రజ్ఞుణ్ని మోసం చేయగలదు. నెమ్మది చర్యల విషయంలో పాత కొలతలు ఎక్కువ వేగాల వైపే తప్పడానికి ఇలాంటి మలినాలు, పాత్రలో పుట్టే ఇతర రాడికల్స్‌తో ఓహెచ్ కలిసిపోవడం కారణాలు. రవిశంకర బృందం వాయువులను మళ్లీ మళ్లీ శుద్ధిచేసి, లేజర్ శక్తి మార్చి చూసి, పుట్టించే ఓహెచ్ మోతాదు తగ్గించి చూసి, ఏం మార్చినా అంకె కదలదని నమ్మకం కలిగాకే ప్రచురించేది.

మీథేన్ అంకె మారిన ఏడు

ఆ పట్టుదల ఫలితం 1991లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. ఘనశ్యామ్ వాఘ్‌జియానీ, రవిశంకర కలిసి ఓహెచ్, మీథేన్ చర్యను 223 నుంచి 420 కెల్విన్ల దాకా, అంటే మైనస్ 50 డిగ్రీల సెల్సియస్ నుంచి దాదాపు 147 డిగ్రీల దాకా కొలిచారు. అప్పటిదాకా అందరూ వాడుతున్న అంకెకంటే చర్య నెమ్మది అని తేలింది. అంటే మీథేన్ గాలిలో అనుకున్నదానికంటే దాదాపు నాలుగో వంతు ఎక్కువ కాలం నిలుస్తోంది. గాలిలో ఉన్న మీథేన్ మొత్తం కొలిచిందే, మారదు. అది నెమ్మదిగా ఖర్చవుతోందంటే నేల నుంచి వచ్చి చేరేది కూడా తక్కువే అయ్యుండాలి. ఆ తగ్గుదల ఏడాదికి సుమారు 10 కోట్ల టన్నులు. వరి పొలాలు, పశువులు, చిత్తడి నేలలు, బొగ్గు గనులు కలిసి ఏటా వదిలే మీథేన్ లెక్కలోంచి అంత మొత్తం ఒక్క కొలతతో ఎగిరిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన దేశానికి మీథేన్‌తో పెద్ద పేచీ నడుస్తోంది. భారతదేశపు వరి పొలాలు ఏటా 3.7 కోట్ల టన్నులకు పైగా మీథేన్ వదులుతున్నాయని అమెరికా పర్యావరణ సంస్థ అంచనా వేసింది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల తరఫున ఏ.పీ. మిత్ర నాయకత్వంలో 1991లో దేశమంతా పొలాల్లో నేరుగా కొలిచారు. తేలింది 40 లక్షల టన్నుల ప్రాంతం. ఒకవైపు పొలం గట్టున పెట్టెలు బోర్లించి కొలిచినవాళ్లు, ఇంకోవైపు లేజర్ గదిలో గాజు పాత్రకు అంటిపెట్టుకున్నవాళ్లు. ఒకరి పని ఒకరు చూసుకోకుండానే, ప్రపంచపు మీథేన్ జమాఖర్చులో రెండు చివర్లనూ సరిచేశారు.

మీథేన్ విషయంలో ఉష్ణోగ్రత ఎంత ముఖ్యమో చూడాలంటే చిన్న లెక్క చాలు. గది వేడిలో, 25 డిగ్రీల దగ్గర కొలిచిన రేటుతో, పది లక్షల ఓహెచ్ సగటుతో లెక్కిస్తే మీథేన్ ఆయుష్షు ఐదేళ్లే వస్తుంది. కానీ మీథేన్ బతికేది గదిలో కాదు. నేలను ఆనుకుని ఉండే ట్రోపో ఆవరణపు సగటు చలిలో, మైనస్ ఒక డిగ్రీ ప్రాంతంలో రేటు దాదాపు సగానికి పడిపోతుంది, ఆయుష్షు తొమ్మిదేళ్లకు చేరుతుంది. గాజు తొడుగులో చల్లని ద్రవం తిప్పుతూ ఒక్కో ఉష్ణోగ్రత దగ్గరా ప్రయోగం మొదటి నుంచీ చేయడం ఇందుకే.

హొసకోటె బస్సు, ఏసీ గ్యాసు

హొసకోటెలో ఇంకో ప్రాంగణం కూడా తెలుగువాళ్లకు దగ్గరిదే. 1998 నుంచి అక్కడ వోల్వో లారీల కర్మాగారం నడుస్తోంది. ఆ తరవాత బస్సులూ తయారయ్యాయి. బెంగళూరు, హైదరాబాదు, విజయవాడల మధ్య రాత్రి ప్రయాణానికి ఏసీ వోల్వో అలవాటై ఒక తరమే గడిచింది. ఆ సౌఖ్యం వెనక ఓహెచ్ కథ ఉంది.

1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరాక, ఏసీల్లో నింపే క్లోరోఫ్లోరోకార్బన్లకు బదులు వేరే వాయువులు వెతకాల్సి వచ్చింది. కార్ల ఏసీల్లో వాడిన సీఎఫ్‌సీ-12లో హైడ్రోజన్ లేదు. ఓహెచ్ దాన్ని ముట్టదు. సుమారు వందేళ్లు గాలిలో నిలిచి, పైకెక్కి ఓజోన్ పొరలో క్లోరిన్ వదులుతుంది. మెకానిక్కులు ‘గ్యాస్ నింపడం’ అనే పనిలో దాని చోటు తీసుకున్నది 134ఎ. అందులో క్లోరిన్ లేదు, రెండు హైడ్రోజన్లు ఉన్నాయి. ఓహెచ్ వాటిని ఎంత వేగంగా పట్టుకుంటుందన్నదాని మీదే ఆ వాయువు భవిష్యత్తు ఆధారపడింది. రవిశంకర బృందం, అందులో రణజిత్ తాలూక్‌దార్ కూడా, 1991లోనే దీన్ని కొలిచి ప్రచురించింది. గాలిలో 134ఎ ఆయుష్షు 14 ఏళ్ల ప్రాంతం. ఈ వాయువులోని ఫ్లోరిన్ ఓజోన్‌ను తినేస్తుందేమోనన్న భయం ఉండేది. ఆ భయానికి ఆధారం లేదని 1994లో ‘సైన్స్’ పత్రికలో వాళ్లే చూపారు.

ఓజోన్ వరకు నిశ్చింత. వాతావరణం వేడెక్కడం విషయంలో కాదు. 14 ఏళ్లు నిలిచే 134ఎ, వందేళ్ల లెక్కన చూస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్‌కంటే 1,300 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. ఆ లెక్కలో ఆయుష్షు ఉంది, ఆయుష్షులో ఓహెచ్ రేటు ఉంది. అందుకే 2016లో రువాండా రాజధాని కిగాలీలో ఇలాంటి వాయువులను తగ్గించాలని దేశాలు ఒప్పుకున్నాయి. భారతదేశం 2021లో ఆ సవరణకు ఆమోదం తెలిపింది.

మళ్లీ కొత్త వాయువు కావాలి. ఈసారి ఓహెచ్ గబుక్కున పట్టుకునేది కావాలి. 1234వైఎఫ్ అనే వాయువులో కార్బన్ల మధ్య జంటబంధం ఉంది. ఓహెచ్‌కు జంటబంధం అంటే అరచేతిలో అందిన పండు. 2008లో బౌల్డర్ బృందం కొలిచిన రేటు ప్రకారం ఆ వాయువు గాలిలో నిలిచేది పదకొండు, పన్నెండు రోజులే. ఇప్పుడు అనేక దేశాల్లో కొత్త కార్లు దాంతోనే వస్తున్నాయి. అయితే అది ఓహెచ్ చేతిలో విరిగాక చివరికి ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లంగా మారి వానతో నేలకు దిగుతుంది. ఆ ఆమ్లం సులభంగా విచ్ఛిన్నం కాదు. చెరువుల్లో, భూగర్భ జలాల్లో అది పేరుకోవడం గురించి శాస్త్రజ్ఞులు ఇప్పుడు కొలతలు తీస్తున్నారు.

ఒకే అణువు, రెండు ఊళ్లు

ఈ కథలో బెంగళూరుకూ చోటుంది. ఆటోవాళ్లు ‘టాటా ఇన్‌స్టిట్యూట్’ అనే భారతీయ విజ్ఞాన సంస్థలో రసాయన శాస్త్రజ్ఞుడు ఇ. అరుణన్, విమాన శాస్త్ర విభాగానికి చెందిన కె.పి.జె. రెడ్డి కలిసి రసాయన చర్యల కోసం షాక్ ట్యూబ్ నడిపారు. పొడవాటి లోహపు గొట్టంలో ఒక పలుచని రేకు పగలగానే ఆఘాత తరంగం పుట్టి, లోపలి వాయువు క్షణంలో వెయ్యి కెల్విన్లకు పైబడి వేడెక్కి, మిల్లీసెకనులో చల్లారిపోతుంది. ఆ మధ్యలో ఎంత విరిగిందో చూసి అణువు విచ్ఛిన్నమయ్యే వేగం తేలుస్తారు. అక్కడ పీహెచ్‌డీ చేసిన బి. రాజకుమార్ తీసుకున్న అణువుల్లో 2-ఫ్లోరోఇథనాల్ ఒకటి. షాక్ ట్యూబ్‌లో అది వేడికి ఎలా విరుగుతుందో చెప్పే వ్యాసం ముగ్గురి పేర్లతో 2003లో వెలువడింది.

ఆ తరవాత రాజకుమార్ బౌల్డర్ వెళ్లి రవిశంకర, జేమ్స్ బర్క్‌హోల్డర్‌లతో కలిసి పనిచేశారు. 2005లో వాళ్లు ప్రచురించిన వ్యాసంలో మళ్లీ అదే 2-ఫ్లోరోఇథనాల్. ఈసారి అగ్గిలో కాదు, గాలిలో: 238 నుంచి 355 కెల్విన్ల మధ్య ఓహెచ్ దాన్ని ఎంత వేగంగా పట్టుకుంటుందన్నది ప్రశ్న. బెంగళూరులో వేడి తరంగం చేతిలో విరిగిన అణువునే బౌల్డర్‌లో ఓహెచ్ చేతిలో విరగ్గొట్టి చూశారు. 2006లో ప్రత్యామ్నాయ వాయువుల జాబితాలోని మూడు హైడ్రోఫ్లోరోకార్బన్ల రేట్లు కూడా ఆ బృందం నుంచి వచ్చాయి. రాజకుమార్ తిరిగొచ్చి ఐఐటీ మద్రాసులో ఆచార్యుడయ్యారు. గాలిలోని కర్బన పదార్థాలతో ఓహెచ్, క్లోరిన్ చర్యల వేగాలను అక్కడ విద్యార్థులతో కొలుస్తున్నారు.

ఇప్పటిదాకా చెప్పిన ఆయుష్షుల లెక్కలన్నిట్లో గాలిలోని ఓహెచ్ సగటును తెలిసినట్టే వాడుకున్నాం. సెకను బతికే కణాన్ని భూగోళమంతా తిరిగి లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. ఆ సగటు ఎలా తెలిసింది? అదే లెక్కను తిరగేసి. ఆఫీసుల్లో టైపు తప్పులు దిద్దే తెల్ల ద్రవంలో ఒకప్పుడు మిథైల్ క్లోరోఫామ్ కలిపేవారు. యంత్రాల గ్రీజు కడగడానికీ అదే. కర్మాగారాల లెక్కల వల్ల ఏటా ఎంత తయారైందో తెలుసు, గాలిలో ఎంత మిగిలిందో కొలవచ్చు, తేడా ఓహెచ్ మింగింది. ఓహెచ్ దాన్ని ఎంత వేగంగా మింగుతుందో తెలిస్తే ఓహెచ్ ఎంత ఉందో బయటపడుతుంది. 1977లో జేమ్స్ లవ్‌లాక్, హన్వంత్ సింగ్ విడివిడిగా ఈ దారి చూపారు. ఆ వేగాన్ని రవిశంకర, తాలూక్‌దార్ బృందం 1992లో కొత్తగా కొలిచి, పాత అంకెకంటే తక్కువని తేల్చింది. రేటు తగ్గడంతో ప్రపంచపు ఓహెచ్ సగటు లెక్కను పెంచి రాయాల్సి వచ్చింది, దాంతో ప్రతి వాయువు ఆయుష్షునూ మళ్లీ సరిచూశారు.

*వచ్చే భాగం: 1978 నుంచి ఐర్లండ్, ఆరిగన్, బార్బడోస్, సమోవా, టాస్మేనియా తీరాల్లో ఐదు కేంద్రాలు పెట్టి మిథైల్ క్లోరోఫామ్‌ను కాపు కాసినవారి కథ.*